పెసిడెంట్ల గురించి రాస్తున్న కుర్రాడికి

బాబూ,

నువ్వు పంపిన వ్యాసం ఆదివారం కూర్చుని చదివాను. ఫోన్లో చదవడం నా కళ్ళ వల్ల కాలేదు. ఏడు రోడ్ల కూడలి దగ్గర జిరాక్సు కొట్టులో పదకొండు పేజీలూ ప్రింటు తీయించుకుని, ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుని, మధ్యలో రెండుసార్లు టీ తాగి మరీ చదివాను. బాగుందా అని అడిగావు. బాగుందని ఒక మాట అనేస్తే నీకూ హాయి, నాకూ హాయి. కానీ అలాంటి మాట కోసమైతే నువ్వు పార్వతీపురం నుంచి ఇంతదూరం నాకెందుకు పంపుతావు, మీ ఫ్రెండ్సే బొటనవేలు బొమ్మ పెట్టేద్దురు కదా.

మొదటి రెండు పేజీల్లో నాలుగుచోట్ల "ప్రజలు ఆయన్ని గుండెల్లో పెట్టుకున్నారు" అని రాశావు. ఆరో పేజీలో ఇంకొకాయన గురించి "ప్రజలు ఛీకొట్టారు" అన్నావు. ఎవరా ప్రజలు? ఏ ఊరివాళ్ళు, ఏ ఏడాది? గుండెల్లో పెట్టుకున్నవాళ్ళూ ఛీకొట్టినవాళ్ళూ వేర్వేరు మనుషులా, లేకపోతే ఒకే మనుషులు పొద్దునొకటీ సాయంత్రం ఒకటీ చేశారా? నువ్వు ఎంచుకున్న విషయం చాలా మంచిది. ఒక్కో ప్రెసిడెంటుని ఎదుటి పార్టీవాళ్ళు ఎలా చూశారు, జనం ఎలా చూశారు, ఇది పోల్చి చూడాలనిపించడమే గొప్ప. పోల్చడం దగ్గరే తేడా కొట్టింది. నువ్వు పోల్చలేదు, నీకు నచ్చినాయనకి హారతిచ్చి నచ్చనాయన మీద బురద జల్లి, రెండింటినీ పక్కపక్కన పెట్టావంతే.

నేను ప్రెసిడెంటు అనే మాట మొదట విన్నది ఢిల్లీ గురించి కాదు. మాది నరసన్నపేట అవతల ఒక చిన్న ఊరు. మా వైపు సర్పంచిని సర్పంచి అనరు, నీకూ తెలుసు కదా, పెసిడెంటు అంటారు, ఆయన భార్య పెసిడెంటమ్మ, పదవి పోయిన పదేళ్ళకి కూడా ఆయన పెసిడెంటు గారే. ఎనభైల్లో ఒకాయన ఊరికొచ్చిన గవర్నమెంటు బోరుని తన కళ్ళం పక్కన వేయించుకున్నాడు. ఊరంతా దుమ్మెత్తి పోసింది, ఆ కోపంతోనే తర్వాత ఎన్నికల్లో ఓడగొట్టింది. గెలిచినాయన మా వీధివాడు. కొన్నాళ్ళకి ఇంకో బోరు వచ్చింది, అదెక్కడ పడాలి? మా వీధిలో, ఈయన అరుక్కి పదడుగుల దూరంలో పడింది. సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మకి బిందె మోసిపెడదామని ఆ బోరు దగ్గర నిలబడ్డాను. కొత్త చేతిపంపు, కడ్డీ మీద ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు, సిమెంటు ఆరకముందే ఎవరో పిల్లాడు తొక్కినట్టున్నాడు, గట్టు మీద చిన్న పాదం, అయిదు వేళ్ళూ స్పష్టంగా ఉన్నాయి. వరసలో ఉన్న ఒకావిడ, "ఆడు ఏయించుకుంటే దొంగ, ఈడు ఏయించుకుంటే మనోడు, అంతే కదేటి" అంది. అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది. బిందెలు నిండాక ఎవరి దారిన వాళ్ళు పోయాం.

నీ పదకొండు పేజీల్లో నాకు కనబడనిది ఆ రెండో బోరు. ఇద్దరు ప్రెసిడెంట్లు ఒకే పని చేసిన చోటు వెతుకు. పని ఒకటే అయినప్పుడు, ఒకర్ని తిట్టి ఇంకొకర్ని ఎందుకు వదిలేశారన్నది నీకు విషయం అవుతుంది. వేర్వేరు పనులు చేసినవాళ్ళని పక్కపక్కన నిలబెట్టి "చూశారా, ఈయన్ని ఎంత గౌరవించారో, ఆయన్ని ఎంత అవమానించారో" అంటే, మామిడిపండు తియ్యగా ఉంది చింతకాయ పుల్లగా ఉంది అన్నట్టే.

ఒకటి చెబుతాను, ఇందులో నేనే బోర్లా పడ్డాను కాబట్టి బాగా గుర్తు. 2007లో కలాం గారు రాష్ట్రపతి భవన్ ఖాళీ చేసి వెళ్ళినప్పుడు ఒక వారపత్రికకి పెద్ద వ్యాసం రాశాను. రాష్ట్రపతుల సంతకాల మీద. అందులో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారిని పదిహేను లైన్లు ఉతికాను. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ కాగితం మీద ఆయన సంతకం పెట్టారు. ఆ డిసెంబరులో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అబూ అబ్రహాం వేసిన కార్టూను తెలుసు కదా, రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూర్చునే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి తలుపు సందులోంచి అందిస్తూ, ఇంకా ఏవైనా ఉంటే కాస్త ఆగమనండి అంటుంటారు. ఆ కార్టూను గురించి లొట్టలేసుకుంటూ రాశాను. కలాం గారి దగ్గరికొచ్చేసరికి, 2005 మేలో మాస్కోలో ఉండగా బీహార్ అసెంబ్లీ రద్దు ఫ్యాక్సు మీద రాత్రికి రాత్రి సంతకం పెట్టిన సంగతి ఒకే ఒక్క లైనులో, అదీ "పరిస్థితుల ఒత్తిడి వల్ల" అని ముందు మెత్త వేసి, దాటించేశాను. 2006 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు ఒకవైపు ఇద్దరు ఒకవైపుగా ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధం అని తీర్పు రాసింది. ఆ మాట అసలే రాయలేదు.

వారం తిరక్కుండా ఒక కార్డు ముక్క వచ్చింది. రిటైరైన స్టేషను మాస్టారట, ఆమదాలవలస వైపు మనిషి. "అయ్యా, అహ్మద్ గారికి పదిహేను లైన్లు, కలాం గారికి ఒక లైను. మీరు స్కేలు పెట్టి కొలిచి రాశారా, అభిమానం పెట్టి కొలిచి రాశారా?" అని రెండే వాక్యాలు. నాకు ఆ రోజు అన్నం సహించలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా డిక్షనరీలో ఉంది, పేజీ గుర్తుగా పెట్టుకున్నాను.

అయితే ఆ మాస్టారి మాటకి నేను పూర్తిగా తలొగ్గలేదు, ఎందుకంటే కార్డు చూశాక కూర్చుని మళ్ళీ చదివాను. రెండు సంతకాలూ ఒకటి కావు. 1975లో ప్రధాని కాగితం వచ్చింది కానీ వెనక మంత్రివర్గం నిర్ణయం లేదు, మంత్రుల్ని మర్నాడు పొద్దున్న ఆరింటికి పిలిచి చెప్పారు. 2005లో మంత్రివర్గం రాత్రి కూర్చుని తేల్చాకే ఫ్యాక్సు మాస్కో వెళ్ళింది. పైగా 1978లో వచ్చిన 44వ సవరణ, మంత్రివర్గం రాతపూర్వకంగా చెబితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ మీద సంతకం పెట్టకూడదని పెట్టింది, మొదటి సంతకం చూసి బుద్ధి తెచ్చుకుని పెట్టిందే అది. ఒక సంతకంతో దేశమంతా జైలయింది, ఇంకోదాంతో అప్పటికి ఒక్కరోజు కూడా కొలువుతీరని అసెంబ్లీ పోయింది. కాబట్టి తిట్లలో తేడా కొంత న్యాయమే. కానీ కొంతే. మిగతా తేడా ఎక్కడ్నుంచి వచ్చింది? కలాం గారు స్కూలు పిల్లల మధ్య కూర్చునే మనిషి, అహ్మద్ గారిని జనం దగ్గరగా చూసింది లేదు. బీహార్ కోపమంతా గవర్నరు మీదికీ ఢిల్లీ ప్రభుత్వం మీదికీ పోయింది, తీర్పు వచ్చాక రాజీనామా ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నానని కలాం గారే తర్వాత తన పుస్తకంలో చెప్పుకున్నారు. అహ్మద్ గారికి అలా చెప్పుకునే టైము లేదు, 1977 ఫిబ్రవరి 11న పదవిలో ఉండగానే పోయారు, ఎన్నికల ముందు. ఇదంతా రాసి ఉంటే అది వ్యాసం అయ్యేది. నేను రాసింది భజన.

కె.ఆర్. నారాయణన్ గారి గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, కానీ సగంలో ఆపేశావు. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెట్టమని గుజ్రాల్ ప్రభుత్వం పంపితే వెనక్కి పంపారు, దానివల్ల నిలబడింది బీజేపీ ప్రభుత్వం. ఏడాది తిరక్కుండా 1998 సెప్టెంబరులో బీహార్ విషయంలో వాజపేయి ప్రభుత్వం పంపితే అదీ వెనక్కే పంపారు, ఈసారి నిలబడింది లాలూ గారి పార్టీ ప్రభుత్వం. మనిషి మారలేదు, కుర్చీ మారలేదు, పని కూడా మారలేదు. మొదటిసారి మెచ్చుకున్నవాళ్ళకి రెండోసారి మింగుడుపడలేదు, మొదటిసారి మొహం ముడుచుకున్నవాళ్ళు రెండోసారి రాజ్యాంగ పరిరక్షకుడన్నారు. నువ్వు మొదటిది రాసి రెండోది వదిలేశావు. తెలియక వదిలావో తెలిసి వదిలావో నేనడగను. తెలిసి వదిలితే మాత్రం అది నా 2007 వ్యాసానికి తమ్ముడే.

సంజీవరెడ్డి గారిదైతే ఇంకా విచిత్రం, ఆయన ఒక్కరితోనే నీ వ్యాసం మొత్తం నడపొచ్చు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో సొంత పార్టీ నిలబెట్టిన అభ్యర్థి, సొంత పార్టీ ప్రధాని ఇందిరాగాంధీయే అంతరాత్మ చెప్పినట్టు ఓటెయ్యండి అనడంతో ఓడిపోయారు. ఆయన మీద పేరూ ఊరూ లేని ఒక బూతు కరపత్రం ఎంపీల చేతుల్లో తిరిగింది. ఎనిమిదేళ్ళ తర్వాత 1977లో రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాలుంటే 41 కాంగ్రెసువి, మిగిలిన ఒక్క నంద్యాల ఈయనది. ఆ జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు, 1969లో కాదన్నవాళ్ళు కూడా సరే అన్నారు. ఇంకో రెండేళ్ళు, 1979 ఆగస్టు, ప్రధాని చరణ్ సింగ్ మాట విని లోక్‌సభ రద్దు చేశారని, ప్రభుత్వం కట్టమని జనతా నాయకుడు జగ్జీవన్ రామ్‌ని పిలవలేదని, ఆయన్ని ఎక్కించిన జనతావాళ్ళే నిప్పులు కక్కారు. పదేళ్ళలో ఒకే మనిషి ముల్లు, పువ్వు, మళ్ళీ ముల్లు. మనిషి గుణగణాలు రాసి ఊరుకుంటే ఇది నీకు ఎప్పటికీ అర్థం కాదు. ఎవరికి ఎప్పుడు ఏ అవసరం ఉందన్నది రాయాలి.

ఇప్పుడు నాకు నిజంగా కోపం వచ్చిన చోటుకొస్తాను. వి.వి. గిరి గారికి నువ్వు ఇచ్చింది ఒకటిన్నర లైను. "ఇందిరాగాంధీ రబ్బరు స్టాంపుగా పేరుపడ్డారు" అని. నాయనా, నువ్వు పార్వతీపురం వాడివి!

ఆయన బరంపురం తెలుగువాడు. ఇచ్ఛాపురం వాళ్ళకి ఇప్పటికీ బరంపురమంటే పరాయి రాష్ట్రం కాదు, పెళ్ళిబట్టలు కొనే ఊరు. 1937లో మద్రాసు అసెంబ్లీకి బొబ్బిలిలో నిలబడి ఎవరి మీద గెలిచారో తెలుసా, బొబ్బిలి రాజా వారి మీద. రాజావారు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధాని, జస్టిస్ పార్టీకి నాయకుడు, పోటీ జరిగింది ఆయన సొంత కోట ముందు. తర్వాత 1952లో మన పాతపట్నం నుంచి మొదటి లోక్‌సభకి వెళ్ళారు, కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు, బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పు దగ్గర ప్రభుత్వంతో పడక రాజీనామా ఇచ్చేశారు. ఈ మనిషినేనా నువ్వు రబ్బరు స్టాంపని ఒక్క ముక్కలో తేల్చేసింది?

1957 ఎన్నిక మీ ఊరిదే. అప్పుడు పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది (విజయనగరం జిల్లా పుట్టింది 1979లో, ఇప్పుడు మీది మళ్ళీ వేరే జిల్లా, మనవాళ్ళకి గీతలు గియ్యడం సరదా). ఇద్దరు సభ్యుల నియోజకవర్గం అది, ఒక సీటు గిరిజనులకి రిజర్వు, రెండోది ఎవరైనా గెలవొచ్చు. ఓటరుకి రెండు ఓట్లు. లెక్క తేలేసరికి రెండు సీట్లూ ఇద్దరు గిరిజన అభ్యర్థులకే వెళ్ళాయి, గిరి గారు కొద్ది ఓట్లతో పోయారు. గిరిజనుడిగా నామినేషను వేసినవాడికి జనరల్ సీటు ఎలా ఇస్తారని ఆయన కోర్టుకెక్కారు, అది సుప్రీంకోర్టు దాకా పోయింది, 1959లో గిరి గారే ఓడిపోయారు. రిజర్వేషను అంటే కనీసం ఇంత అని హామీ, ఇంతకంటే ఎక్కువ గెలవకూడదని అడ్డుగోడ కాదు, అని తేలింది. రెండేళ్ళకి ఆ జంట నియోజకవర్గాలే ఎత్తేశారు. ఇప్పుడు చెప్పు, రాజుని ఓడించిన మనిషి గిరిజనుల చేతిలో ఓడి, ఆ ఓటమి ఒప్పుకోలేక కోర్టుకెళ్ళి, అక్కడా ఓడి, పదేళ్ళకి దేశానికి రాష్ట్రపతి అయ్యాడంటే, అందులో నీకు ఒకటిన్నర లైనే దొరికిందా? పైగా ఆ కోర్టుకెళ్ళిన ముచ్చట ఆయన్ని గొప్పగా చూపించేది కాదు. అదీ రాయాలి.

1969 ఆగస్టులో నాకు పద్నాలుగేళ్ళు. జాకిర్ హుస్సేన్ గారు మేలో పోయారు, గిరి గారు ఉపరాష్ట్రపతిగా ఆ కుర్చీ చూసుకుంటూ, బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద జూలై 19న సంతకం పెట్టి, మర్నాడే రాజీనామా ఇచ్చి ఇండిపెండెంటుగా నిలబడ్డారు. మా ఇంట్లో రెండు పార్టీలు. నాన్న కరడుగట్టిన కాంగ్రెసు, పార్టీ ఎవర్ని నిలబెడితే ఆయనే, అంటే సంజీవరెడ్డి గారు. చిన్నాన్న పలాసలో రైల్వే గ్యాంగుమ్యాను, ఆ లైను పాత బెంగాల్ నాగపూర్ రైల్వే కదా, గిరి గారు ఆ కూలీల యూనియను కట్టిన మనిషి, కాబట్టి చిన్నాన్నకి ఆయన దేవుడు. ఇద్దరూ తెలుగువాళ్ళే, కాబట్టి తెలుగువాడనే చీటీ ఎవరికీ పనికిరాలేదు. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, సగం దాటలేదు, రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపాక 4,20,077కి 4,05,427. రేడియో కట్టేసి నాన్న ఆ రాత్రి చిన్నాన్నతో మాట్లాడలేదు. ఓడినవాళ్ళు ఊరుకోలేదు, ఆ కరపత్రం పట్టుకునే సుప్రీంకోర్టులో కేసు వేశారు, రాష్ట్రపతిగా ఉన్న గిరి గారు 1970లో స్వయంగా కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు. కేసు కొట్టేశారు. కుర్చీలో ఉన్న రాష్ట్రపతి సాక్షిగా వచ్చాడన్న సంగతి నీ "అవమానాలు" అన్న పేరాలో లేదు. అది అవమానమో మర్యాదో నువ్వే తేల్చుకో, నాకు మాత్రం మర్యాదగానే కనబడుతుంది.

ఇక చిన్నాన్న. ఆయన క్వార్టర్లో గోడకి గిరి గారి ఫోటో ఉండేది, ఏదో వారపత్రికలోంచి కత్తిరించి, అట్టముక్కకి అన్నం మెతుకులతో అంటించి, మేకుకి తగిలించాడు. 1974 మేలో రైల్వే సమ్మె వచ్చింది, ఇరవై రోజులు. వేలమందిని జైల్లో వేశారు, ఉద్యోగాలు పోయాయి, క్వార్టర్లలోంచి సామాన్లు బయట పడేశారు. అప్పుడు రాష్ట్రపతి ఎవరు? రైల్వే కూలీల గిరి గారే. నేను సెలవులకి వెళ్ళేసరికి ఆ అట్ట అదే మేకుకి ఉంది కానీ మొహం గోడవైపు, వీపు మనవైపు. చించలేదు, తీసెయ్యలేదు, తిప్పేశాడంతే. ఏమిటి చిన్నాన్నా అంటే "ఆయనకి మా మొకం సూడ్డానికి సిగ్గుగా ఉంటాది కదా, అందుకని" అన్నాడు. 1980 జూన్‌లో గిరి గారు పోయారని రేడియోలో చెప్పాక మళ్ళీ ఇటు తిప్పాడు. అప్పటికి మెతుకుల కోసం పురుగు పట్టి సగం కాగితం పోయింది, కళ్ళజోడు, కుడిచెంప మిగిలాయి.

నువ్వు "ప్రజలు ఛీకొట్టారు" అని రాసిన చోట నాకు కావలసింది ఇలాంటి ఒక అట్టముక్క. ప్రజలంటే ఒక ముద్ద కాదు. పలాసలో ఒక క్వార్టరు, నరసన్నపేటలో ఒక రేడియో.

అమెరికా పేజీల గురించి ఎక్కువ చెప్పను. మీ అన్నయ్య అక్కడున్నాడని ఆ అయిదు పేజీలు రాశావని అర్థమైంది. ముందొకటి సరిచెయ్యి. అమెరికా ప్రెసిడెంటు అంటే మన రాష్ట్రపతీ ప్రధానీ కలిపి ఒకే మనిషి, ఆయన్ని తిట్టడం మనం ప్రధానిని తిట్టడంతో సమానం. "వాళ్ళు ప్రెసిడెంటుని ఇంతలేసి మాటలంటారు, మనం అనం, మన సంస్కారం" అని రాసిన వాక్యం కొట్టెయ్. మనం అనేవి ఎవర్ని అంటున్నామో చూసుకుంటే సంస్కారం ఎక్కడుందో తెలుస్తుంది. ఇకపోతే, అక్కడ కూడా నీకు రెండు బోర్లున్నాయి. 2009 సెప్టెంబరు 9న ఒబామా వైద్యబీమా గురించి రెండు సభల ముందు మాట్లాడుతుంటే ఎదుటి పార్టీ సభ్యుడు జో విల్సన్ "అబద్ధం చెబుతున్నావ్!" అని అరిచాడు. 2020 ఫిబ్రవరి 4న అదే హాల్లో ట్రంప్ ప్రసంగం అయిపోగానే స్పీకర్ పెలోసీ ఆ కాగితాలు నిలబడి పరపరా చించేసింది. నువ్వు మొదటిదాన్ని దారుణం అన్నావు, రెండోదాన్ని ధైర్యం అన్నావు. నీకు ఎదుటి పక్షంవాళ్ళు సరిగ్గా తిరగేసి అన్నారు. తమాషా ఏమిటంటే ఆ రెండు రోజులూ ప్రెసిడెంటు వెనక కుర్చీలో కూర్చున్నది ఒకే మనిషి, పెలోసీయే, 2009లో విల్సన్ అరిచినప్పుడు ఆవిడ చూసిన చూపు వీడియోలో ఉంది. విల్సన్‌ని తప్పుపడుతూ సభ 240-179తో తీర్మానం చేసింది, పెలోసీని తప్పుపట్టాలన్న తీర్మానాన్ని సభ పక్కన పడేసింది, రెండుసార్లూ సభలో ఎక్కువమంది ఆవిడ పార్టీవాళ్ళే. విల్సన్ ఆ రాత్రే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడన్నది కూడా ఉండాలి, అది నీకు నచ్చకపోయినా.

ఫోర్డు గురించి నువ్వు రాయనే లేదు, ఆశ్చర్యం. 1974 సెప్టెంబరు 8న నిక్సన్‌ని క్షమించేశాడని జనం మండిపడ్డారు, 1976లో ఓడిపోయాడు. 2001లో కెనడీ పేరు మీది ధైర్యానికిచ్చే అవార్డు ఆయనకే ఇచ్చారు, అప్పట్లో ఆ క్షమాభిక్షని తిట్టిన టెడ్ కెనడీయే ఆ రోజు నిలబడి, నేను పొరబడ్డాను అన్నాడు. ఇరవై ఆరేళ్ళు పైచిలుకు పట్టింది. మనవైపు అలా ఒప్పుకున్న ప్రతిపక్షం మనిషి ఎవరైనా ఉన్నారా అని వెతుకు. దొరికితే నాకూ చెప్పు.

వాట్సాప్‌లో వచ్చే కలాం సూక్తులు నాలుగు దించావు, నాలుగూ తీసెయ్. ఆయన చెప్పారో లేదో తెలియని మాట ఆయన నోట్లో పెట్టడం కూడా ఒక రకం అవమానమే, ప్రేమతో చేస్తాం కాబట్టి తెలియదు. తిట్లకీ అదే రూలు. ఎవరు, ఎప్పుడు, ఏ సభలో అన్నారో దొరికితేనే రాయి. 2022 జూలైలో ఒక కాంగ్రెసు ఎంపీ ముర్ము గారిని "రాష్ట్రపత్ని" అన్నాడు, గోలయింది, రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాడు, ఇది రికార్డులో ఉంది, రాసుకో. ఆ నెలలోనే ఆవిడ ఎన్నికలో మన రాష్ట్రంలో పడ్డ ఎమ్మెల్యేల ఓట్లన్నీ ఆవిడకే పడ్డాయి, అసెంబ్లీలో ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు పార్టీలూ కలిసి. అది గౌరవమా, ఢిల్లీ అవసరమా? నువ్వు గౌరవం అని రాసేశావు. నేనైతే ప్రశ్న గుర్తు పెట్టి వదిలేసేవాణ్ణి. ఇంకోమాట, నువ్వు ఏ పార్టీ అభిమానివో మూడో పేజీకే నాకు తెలిసిపోయింది. దాచాలని చూడకు, దాచలేవు. మొదట్లోనే ఒక లైనులో చెప్పేసి పని మొదలుపెట్టు, చదివేవాడు నిన్ను దానికి తగ్గట్టు తూకం వేసుకుంటాడు. మా ఇంట్లో నాన్న కాంగ్రెసు అని నేను చెప్పలేదూ?

భాష గురించి ఒక్క ముక్క. "తీవ్ర పదజాలంతో విమర్శల వర్షం కురిపించారు" అని రాశావు ఒకచోట. మీ ఊరి సంతలో ఎవరైనా ఇలా మాట్లాడతారా? తిట్టారు అను.

గిరి గారి భాగం తిరగరాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం. అమెరికాని రెండు పేజీలకి కుదించు, ఆ మిగిలిన చోటంతా పార్వతీపురానికి ఇయ్యి. పాత పత్రికల కోసం కథానిలయానికి వస్తానన్నావు కదా, వచ్చే ముందు ఫోన్ చెయ్, నేనూ వస్తాను, మధ్యాహ్నం మా ఇంట్లో భోంచేద్దువు గానీ.

మీ ముత్తవ్వకి తొంభై దాటాయనీ ఇంకా గట్టిగానే ఉందనీ రాశావు. అంటే 1957కి ఓటు వయసు వచ్చే ఉంటుంది, అప్పుడు ఆ వయసు ఇరవై ఒకటి. ఆ రోజుల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, పెట్టె మీద గుర్తు, ఆవిడ చేతిలో రెండు కాగితాలు పెట్టి లోపలికి పంపి ఉంటారు. ఏ పెట్టెల్లో వేసిందో అడుగు, ఎందుకు వేసిందో కూడా అడుగు, ఆవిడ ఏ మాటల్లో చెబితే ఆ మాటల్లోనే రాసుకో, సరిచెయ్యకు. చెప్పనంటే మాత్రం విసిగించకు, రహస్య ఓటు కదా.

ఉంటాను.
మీ మాస్టారు,
శ్రీకాకుళం